మేయోలో మూడు రోజుల సైకిల్ సఫర్



చాలా రోజులకు రాస్తున్నాను. మొన్న జూన్‌లో ఐర్లండ్ పోయొచ్చాను. పదిహేను రోజుల సఫర్‌లో మూడు రోజులు సైకిల్ మీద గడిచాయి. "ఈ ఉమర్‌లో నీకు సైకిలేందిరా" అని అమ్మీ ఫోన్లో తిట్టింది. నా ఉమర్ 46. బీపీ గోళీలు జేబులోనే ఉంటాయి. అబ్బా బతికుంటే మాత్రం ఆ మాట అనేవారు కాదు. టైర్లలో గాలి చూసుకున్నావా అని అడిగేవారు.

మా అబ్బాకు జగిత్యాలలో అద్దె సైకిళ్ల దుకాణం ఉండేది. తొమ్మిది సైకిళ్లు, ఒక పంపు, ఒక నీళ్ల తొట్టి. అదే మా జాయ్‌దాద్. గంటకు రూపాయి కిరాయి. ఉర్దూ మీడియం బడి నుంచి వచ్చి నేను అక్కడే కూర్చుని హోంవర్కు రాసుకునేవాణ్ణి, మధ్యమధ్యలో పంక్చర్లు వేసేవాణ్ణి. దుకాణానికి వచ్చే రైతులతో మాట్లాడీ మాట్లాడీ నాకు తెలుగు వచ్చింది. ఆ తెలుగే నన్ను డిగ్రీ దాకా, తర్వాత పత్రికలో కొలువు దాకా తీసుకుపోయింది. అయితే డిగ్రీ ఫీజు కట్టింది ఆ దుకాణం కాదు. మా భాయిజాన్.

భాయిజాన్ నాకన్నా పదేళ్లు పెద్ద. 1992లో దమ్మామ్ పోయారు. 2016లో ఫైనల్ ఎగ్జిట్ మీద తిరిగొచ్చారు. 24 ఏళ్లు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. అట్లాంటి సెలవులు పదకొండు. ఒకసారి తోచక కాగితం మీద లెక్క వేశాను. 24 ఏళ్లలో ఆయన భాబీతో, పిల్లలతో ఉన్నది 22 నెలలు. ఆ కాగితం ఆయనకు చూపించలేదు, చింపి పారేశాను.

2003లో అబ్బా ఇంతెఖాల్ అయ్యారు. భాయిజాన్ రాలేకపోయారు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది, కఫీల్ ఊళ్లో లేడు. జనాజా ఎత్తేటప్పుడు భాయిజాన్ పట్టాల్సిన వైపు మా మామూజాన్ పట్టారు. ఈ సంగతి మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఎవరూ ఎత్తరు, ఎవరూ మరిచిపోరు.

ఆ భాయిజాన్ కొడుకే మున్నా. మాస్టర్స్ చదవడానికి డబ్లిన్ పోయాడు. అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది. వర్క్ పర్మిట్ మీద ఐదేళ్లు నిండాయి. ఐర్లండ్‌లో లెక్కలోకి వచ్చే నివాసం ఐదేళ్లుంటే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాడు పెట్టుకుంటానన్నాడు. మన దేశ చట్టం రెండు పౌరసత్వాలకు ఒప్పుకోదు. అటు పౌరసత్వం వస్తే ఇటు మన నీలం పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. తర్వాత ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. రాకపోకలకు వీసా అక్కర్లేదు, కానీ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు.

భాయిజాన్ ఆ సరెండర్ అనే మాట దగ్గరే ఆగిపోయారు. "నా పాస్‌పోర్టు 24 ఏళ్లు ఇంకొకడి బీరువాలో ఉంది. వీడు తన చేతులతోటి తనే ఇచ్చేస్తడంటనా?" అన్నారు. "నువ్వు చదువుకున్నోడివి. పోయి సంఝాయించు. వాపస్ రమ్మను."

టికెట్ ఖర్చు సగం ఆయనే పెట్టుకున్నారు. అట్లా నేను భాయిజాన్ తరఫు వకీలుగా బయల్దేరాను. పొయ్యే రోజు భాబీ నా కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టింది. అదంతా బిద్అత్ అనేవాళ్లు ఉన్నారు. భాబీ ముందు ఆ మాట అనే హిమ్మత్ మా ఇంట్లో ఎవరికీ లేదు.

డబ్లిన్‌లో మొదటి వారం మాట మొదలే కాలేదు. వాడు పొద్దున పోతే రాత్రికి వచ్చేవాడు. నేనెందుకు వచ్చానో వాడికి తెలుసు, వాడికి తెలుసని నాకు తెలుసు. ఇద్దరం అన్నం తిని వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్లం. ఐర్లండ్‌లో ఆ మాటకు ఎప్పుడూ కొదవ ఉండదు. ఒక రాత్రి వాడే అన్నాడు, "చాచా, మూడు రోజులు మేయో పోదామా? పాత రైలు పట్టా తీసేసి సైకిల్ దారి వేశారు. దాదా అబ్బా సైకిళ్ల కథలు చెప్తుంటావు కదా, తొక్కి చూపించు."

శుక్రవారం పొద్దున డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్‌లో వెస్ట్‌పోర్ట్ రైలు ఎక్కాం. మూడు గంటల పైచిలుకు ప్రయాణం. సైకిళ్లు వెస్ట్‌పోర్ట్‌లో కిరాయికి తీసుకోవాలని అనుకున్నాం. జుమా కోసం దారిలో బాలీహానిస్ అనే చిన్న ఊళ్లో దిగాం. ఆ స్టేషన్ చూస్తే అక్కడ మసీదు ఉంటుందని ఎవరూ అనుకోరు. 1970ల్లో పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి అక్కడ హలాల్ గోష్త్ కార్ఖానా పెట్టాడు. పనికి వచ్చినవాళ్లు అక్కడే స్థిరపడ్డారు. 1987లో మసీదు కట్టుకున్నారు. ఆ దేశంలో మసీదు కోసమే కట్టిన మొదటి భవనం ఇదేనంటారు. నమాజ్ అయ్యాక పంజాబీ ఉర్దూలో ఒక బుజుర్గ్ పలకరించారు. నా దక్కనీ విని నవ్వారు. ఆయన మనవడు పక్కా మేయో యాసలో ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు, నాకు సగం అర్థం కాలేదు. తర్వాతి రైలుకు చాలా టైముంది. స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఆ పిల్లవాణ్ణే తలుచుకున్నాను. వాడి వతన్ ఏది? వాణ్ణి అడిగితే బాలీహానిస్ అంటాడు, ఇంకేమంటాడు.

వెస్ట్‌పోర్ట్‌లో సైకిళ్లు తీసుకున్నాం. అబ్బా సైకిళ్లు ఇనుప గుర్రాలు. ఇవి తేలికైనవి, గేర్లున్నవి. వెనక చక్రానికి రెండు వైపులా వానకు తడవని సంచులు తగిలించి ఇచ్చారు. మన లాగే ఎడమ వైపు నడపడం కాబట్టి గాబరా లేదు. ఊరి పేర్ల బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి. పైన వాలు అక్షరాల్లో ఐరిష్, కింద ఇంగ్లీషు. బడిలో అందరూ ఐరిష్ చదువుతారు, ఇళ్లల్లో మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. మన ఉర్దూ బోర్డులు గుర్తొచ్చాయి. బోర్డు మీద ఉంటుంది, చదివే పిల్లలు ఏరీ? మున్నాకే ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు.

జూన్‌లో అక్కడ మగ్రిబ్ రాత్రి పది దాటాక. అందుకని సాయంత్రమే సముద్రం పక్కన మురిస్క్ దాకా తొక్కాం. ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. ఎడమ వైపు క్రో పాట్రిక్ కొండ. 764 మీటర్ల ఎత్తు, నిలబెట్టిన గరాటు లాగా ఉంటుంది. ఏటా జులై చివరి ఆదివారం వేలమంది ఎక్కుతారు, కొందరు ఉత్త కాళ్లతో. పహాడీ షరీఫ్ మెట్లు ఎక్కినవాళ్లకు ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ కొండ కింద ఒక ఓడ బొమ్మ ఉంది. కంచుతో చేసింది. దగ్గరికి పోతే తెరచాపల తాళ్ల మధ్య అస్థిపంజరాలు తేలుతూ కనిపిస్తాయి. కరువులో చనిపోయినవాళ్ల యాద్‌గార్. జాన్ బీహాన్ అనే శిల్పి చేశారు, 1997లో పెట్టారు. 1845 నుంచి ఆలుగడ్డ పంటకు తెగులు తగిలింది. పేద రైతుకు ఆలుగడ్డే అన్నం, ఆలుగడ్డే కూర. ఇంకో పక్క అదే దేశం నుంచి ధాన్యం, పశువులు ఓడలెక్కి ఇంగ్లండ్ పోతూనే ఉన్నాయి. పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది దేశం విడిచారు. 1841లో ఒక్క మేయో జిల్లాలో 3 లక్షల 88 వేల మంది ఉండేవారు. 2022 లెక్కల్లో లక్షా 38 వేలు. 180 ఏళ్లయినా ఆ ఇళ్లు నిండలేదు.

ఆ కరువుకు ఉస్మానీ సుల్తాన్ అబ్దుల్ మజీద్ 1847లో వెయ్యి పౌండ్లు పంపారు. పదివేలు ఇవ్వబోతే, విక్టోరియా రాణి ఇచ్చింది రెండువేలే కాబట్టి తగ్గించుకోమన్నారని అక్కడ కథలా చెప్పుకుంటారు. మన కలకత్తాలో కూడా చందాలు పోగు చేసి పంపారు. ఇదంతా మున్నాకు చెప్పాను. వాడు ఓడ వైపే చూస్తూ, "చాచా, వీళ్లను ఎవరైనా వాపస్ రమ్మన్నారంటావా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. నాకు అప్పటికి కోపం వచ్చింది కూడా. కరువులో పారిపోయినవాడూ, నెల తిరిగితే జీతం తీసుకునే నువ్వూ ఒకటేనా అని మనసులో అనుకున్నాను.

శనివారం అసలు సఫర్. గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే. వెస్ట్‌పోర్ట్ నుంచి న్యూపోర్ట్ 11 కిలోమీటర్లు, అక్కణ్నుంచి మల్రానీ 18, అక్కణ్నుంచి అకిల్ 13. మొత్తం 42. ఇది పాత రైలు దారి. 1890ల్లో పట్టాలు వేశారు, 1937లో రైళ్లు ఆగిపోయాయి, పట్టాలు పీకేశారు. భూమి రైతుల చేతుల్లోకి పోయింది. సైకిల్ దారి వేయాలనుకున్నప్పుడు రైతులతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్నాకే వేశారు. 2011కు మొత్తం తయారైంది. కార్లుండవు. రైలు కోసం వేసిన కట్ట కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు లేవు. పొలం పొలానికి మధ్య గేట్లుంటాయి. తీసి, దాటి, మళ్లీ వేయాలి, లేకపోతే గొర్రెలు బయటికి వస్తాయి. ఏ గొర్రె ఎవరిదో తెలియడానికి వీపు మీద నీలం, ఎరుపు రంగులు పూస్తారు.

పోదామనుకునేవాళ్లకు ఒక మాట. గాలి ఎక్కువగా పడమటి నుంచి, సముద్రం మీంచి వస్తుంది. తెలివైనవాళ్లు సైకిళ్లతో సహా వ్యాన్‌లో అకిల్ దాకా పోయి, గాలిని వీపున పెట్టుకుని వెస్ట్‌పోర్ట్‌కు తొక్కుతారు. మేం ఉల్టా పోయాం. న్యూపోర్ట్‌లో ఏడు కమానుల ఎర్రరాతి రైలు వంతెన దాటేసరికే నా తొడలు గట్టిపడ్డాయి. వాన పడుతుంది, ఆగుతుంది, ఎండ వస్తుంది, మళ్లీ పడుతుంది. ఒక్క గంటలో నాలుగు మౌసమ్‌లు.

దారి పక్కన నేలంతా బాగ్. మెత్తటి నల్ల బురద నేల. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి, మనం పిడకలు కాల్చినట్టు పొయ్యిలో కాలుస్తారు. అందులోంచి పారే నీళ్లు చాయ్ డికాక్షన్ రంగులో ఉంటాయి. న్యూపోర్ట్ దాటాక అట్లాంటి ఒక కాలవ దగ్గర మున్నా సైకిల్ వెనక టైర్ కూర్చుంది. పక్క కంచె ముళ్ల చెట్లు. కత్తిరించిన కొమ్మలు దారి మీద పడతాయి.

వాడు ఫోన్ తీశాడు, "షాపువాళ్లకు చేస్తా చాచా, వ్యాన్ పంపిస్తారు." నక్కో అన్నాను. సంచిలో ప్యాచీలు, సొల్యూషన్, చిన్న పంపు ఉన్నాయి. సైకిల్ తిరగేసి, చక్రం విప్పి, టైర్ ఒక పక్క లేపి ట్యూబ్ బయటికి లాగాను. చెయ్యి మరిచిపోలేదు. ట్యూబ్‌లో గాలి కొట్టి కాలవ నీళ్లలో ముంచుతూ తిప్పాను. ఒకచోట సన్నగా బుడగలు లేచాయి. అబ్బా అట్లాగే చూపించేవారు. బుడగ దగ్గర వేలు పెట్టి పట్టుకో, వదిలితే మళ్లీ దొరకదు అనేవారు.

మున్నా నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చేతులు పనిలో ఉంటే నోరు తేలిగ్గా తెరుచుకుంటుందని అప్పుడు అర్థమైంది. నేను తల ఎత్తకుండానే అడిగాను, "ఎందుకురా ఆ పాస్‌పోర్టు?"

వాడు చాలాసేపు చెప్పాడు. ఉద్యోగం పోతే పర్మిట్ కథ మళ్లీ మొదటికొస్తుందన్నాడు. హైదరాబాద్‌లో పనిచేసిన ఏడాదిలో ఫ్లాట్ కిరాయికి అడిగితే, పేరు విన్నాక ఫోన్ ఎత్తని ఓనర్ల లెక్క చెప్పాడు. "అట్లని ఇక్కడ జన్నత్ ఏం కాదు చాచా. 2023 నవంబర్‌లో డబ్లిన్‌లో బస్సులు తగలబెట్టిన రాత్రి నేను ఆఫీసులోంచి బయటికి రాలేదు. ఒకసారి ట్రామ్‌లో గో హోమ్ అన్నారు." కాసేపాగి అన్నాడు, "అబ్బూ 24 ఏళ్లు ఒక దేశంలో పనిచేసినా ఆ దేశం ఒక్కరోజు కూడా ఉండిపో అనలేదు. ఇకామా అయిపోతే పో అంది. ఈ దేశం నన్ను ఉండమంటోంది. అబ్బూకి కోపం నా మీదనా, ఆ దేశం మీదనా?"

నేను సొల్యూషన్ ఆరడానికి ఊదుతూ కూర్చున్నాను. వకీలు దగ్గర దీనికి జవాబు లేదు. మా జగిత్యాల ఇళ్లల్లో గల్ఫ్ పోయినవాడు వాపస్ వస్తాడని అందరికీ యఖీన్. అది వాడి ప్రేమను బట్టి వచ్చిన యఖీన్ అనుకునేవాణ్ణి. గల్ఫ్ ఎవరినీ ఉంచుకోదు కాబట్టి వచ్చిన యఖీన్ అది. ఉంచుకునే దేశానికి పిల్లల్ని పంపడం మనకు ఇంకా కొత్త.

ప్యాచీ అతికింది. మల్రానీ దగ్గర సముద్రం కనిపించేచోట ఆగి జొహర్, అసర్ ఖసర్ చేసుకున్నాం. ముసాఫిర్లం కదా. ఖిబ్లా అక్కడ ఆగ్నేయం వైపు. పుట్టినప్పటి నుంచి పడమరకు తిరిగిన ఒళ్లు, నియ్యత్ కట్టాక కూడా కాసేపు ఒప్పుకోలేదు. క్లూ బే అనే ఆ సముద్రపు పాయలో ఏడాదికి ఎన్ని రోజులో అన్ని దీవులంటారు అక్కడివాళ్లు. నేను లెక్కపెట్టలేదు.

రాత్రి అకిల్‌లో ఒక ముసలామె ఇంట్లో దిగాం. పడక, పొద్దున నాష్తా ఇచ్చే ఇల్లు. ముందే చెప్పి పెట్టాం, బేకన్ వద్దు, సాసేజ్ వద్దు, పుడింగ్ వద్దు అని. అక్కడ పుడింగ్ అంటే మన మీఠా అనుకునేరు, నల్ల పుడింగ్ రక్తంతో చేస్తారు. బయట తినేటప్పుడు చిప్స్ ఏ నూనెలో వేయించారో కూడా అడగాలి. ఒక్కోచోట గొడ్డు కొవ్వు వాడతారు. ఆమె గుడ్లు, సోడా వేసి చేసిన గోధుమ రొట్టె, వెన్న పెట్టింది. నేను మామిడికాయ అచార్ సీసా తీశాను. మాంసం, పాలతో చేసినవి యూరప్‌లోకి తేనివ్వరు కాబట్టి భాబీ ఖీమా ఇంటి దగ్గరే ఆగిపోయింది, అచార్ మాత్రం వచ్చింది. ఆమె రొట్టెకు రాసుకుని తిని, కళ్లల్లో నీళ్లు తెచ్చుకుని, మళ్లీ రాసుకుంది.

మేం ఎక్కడివాళ్లమో అడిగింది. తర్వాత తన కథ చెప్పింది. వాళ్ల అమ్మ తోడబుట్టినవాళ్లు తొమ్మిది మంది. ఆరుగురు అమెరికాలో క్లీవ్‌లాండ్ పోయారు. అకిల్ నుంచి ఎంతమంది అక్కడికి పోయారంటే ఇప్పుడు ఆ రెండు ఊళ్లూ జంట ఊళ్లు. ఆ రోజుల్లో ఒక రివాజ్ ఉండేదట. పిల్లవాడు ఓడెక్కే ముందు రాత్రి ఊరంతా ఆ ఇంట్లో కూడేది. పాటలు, ఆటలు, తెల్లారేసరికి ఏడుపులు. దాన్ని అమెరికన్ వేక్ అంటారు. వేక్ అంటే చనిపోయినవాళ్ల పక్కన రాత్రంతా కూర్చోవడం. పోయినవాడు ఎట్లాగూ తిరిగి రాడు కాబట్టి, బతికుండగానే కూర్చునేవాళ్లన్నమాట.

"మా అమ్మమ్మ ఐదుగురిని దీవించి పంపింది, ఒకడితో కొట్లాడి పంపింది" అందామె. "ఆ ఐదుగురి నుంచీ క్రిస్మస్‌కు ఉత్తరం, డాలర్లు వచ్చేవి. ఆరోవాడు ఎక్కడ చచ్చిపోయాడో కూడా మాకు తెలియదు."

మున్నా రొట్టె వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను చాయ్ కప్పు వైపు.

ఆదివారం గాలి తగ్గింది. అకిల్ సౌండ్ నుంచి దక్షిణానికి అట్లాంటిక్ డ్రైవ్ అనే దారి పట్టాం. సన్నటి దారి. ఐరిష్‌లో దారిని బోహర్ అంటారు. ఆవు అనే మాటలోంచి పుట్టింది. చిన్న దారి అయితే బోరీన్. మధ్యలో గడ్డి మొలిచి ఉంటుంది, ఎదురుగా ట్రాక్టర్ వస్తే సైకిల్ దిగి కంచెకు ఆనుకోవాలి. ట్రాక్టర్ నడిపేవాడు స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపుతాడు. అది వాళ్ల సలాం. ఏడెనిమిది కిలోమీటర్లు పోయాక కిల్డావ్‌నెట్ దగ్గర సముద్రం ఒడ్డున ఒక ఖబ్రస్థాన్ ఉంది. వాడు చెప్పిన ఆ పాత రైలు కథ అక్కడ పూర్తిగా తెలిసింది.

17వ శతాబ్దంలో బ్రియాన్ రూవా అనే ఒకాయన జోస్యం చెప్పాడంటారు. ఇనుప చక్రాల మీద పొగ కక్కుతూ బండ్లు అకిల్‌కు వస్తాయి, మొదటి బండీ, చివరి బండీ మయ్యత్‌లను మోస్తాయి అని. 1894 జూన్ 14న అకిల్ పిల్లలు, ఎక్కువమంది ఆడపిల్లలు, స్కాట్లాండ్‌లో కూలికి పోవడానికి పడవెక్కారు. వెస్ట్‌పోర్ట్ దగ్గర పెద్ద ఓడ కనిపించగానే చూడ్డానికి అందరూ ఒక పక్కకు వచ్చారు. పడవ తిరగబడింది. 32 మంది పోయారు. రైలు దారి ఇంకా తెరవకముందే, ఆ పట్టాల మీద మొదట వచ్చిన బండి ఆ శవాలను మోసింది. 1937 సెప్టెంబర్‌లో స్కాట్లాండ్‌లోని కిర్కిన్‌టిలాక్‌లో, ఆలుగడ్డలు ఏరడానికి పోయిన అకిల్ పిల్లలు పడుకున్న కొట్టానికి నిప్పంటుకుంది. పది మంది కాలిపోయారు. అందరికన్నా చిన్నవాడికి 13 ఏళ్లు, పెద్దవాడికి 23. ఆ దారి మూతపడే ముందు నడిచిన చివరి రైళ్లలో ఒకటి వాళ్లను ఇంటికి తెచ్చింది. ముందటి రోజు మేం నవ్వుకుంటూ, పంక్చర్ వేసుకుంటూ తొక్కింది ఆ దారి మీదే. రెండు సంఘటనల్లో పోయినవాళ్లకూ అక్కడే సమాధులు, స్మారక రాళ్లు.

పత్రికలో ఇరవై ఏళ్లుగా నేను రాసే వార్తల్లో సగం ఇవే. షంషాబాద్ కార్గోలో దిగే చెక్క పెట్టెలు. పల్లెకు వచ్చే అంబులెన్సు. గుండెపోటు అని రాసిన కాగితం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, ఒక్కో పెట్టెకు నాలుగు లైన్ల వార్త. అకిల్‌లో ఒక్కో బండికీ వందేళ్లుగా కథ చెప్పుకుంటున్నారు. నేను ఎన్ని పెట్టెలకు నాలుగు లైన్లు రాసి పడేశాను? ఆ ఇళ్లవాళ్లకు నేను ఖర్జ్ పడి ఉన్నాను.

ఖబ్రస్థాన్ గోడ మీద కూర్చుని భాయిజాన్‌కు ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం దాటింది. ఈ కథంతా చెప్పాను. ముసలామె అమ్మమ్మ సంగతి, ఆరోవాడి సంగతి చెప్పాను. వాపస్ రమ్మని వాడితో అనలేదని కూడా చెప్పాను. "భాయిజాన్, నాతో కాదు. వాడు పోయిండు. మీరు పొమ్మన్నా పోయినట్టే, వద్దన్నా పోయినట్టే. మీరు ఏ మాట అని పంపుతరన్నదే మీ చేతుల ఉంది."

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. లైన్ కట్ అయిందనుకున్నాను.

"ఆ కాలిపోయిన పిల్లల్ని ఇంటి దగ్గరనే దఫన్ చేసిన్రా?" అన్నారు.

"హౌ భాయిజాన్. ఇక్కడనే. నా ముందరనే ఉన్నయి."

"అబ్బా జనాజాకు నేను లేను" అన్నారు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. "నాకు పాస్‌పోర్టు సంగతి కాదురా. నా జనాజాకు వాడు భుజం పడతడా లేదా, అది అడుగు."

మున్నా పక్కనే ఉన్నాడు. ఫోన్ వాడికిచ్చి నేను సైకిళ్ల దగ్గరికి నడిచాను. తండ్రీకొడుకుల మాట నేను వినాల్సింది కాదు. వాడు గోడ మీద కూర్చుని ఒక చేత్తో కళ్లు తుడుచుకోవడం మాత్రం కనిపించింది. ఫోన్ తిరిగిచ్చినప్పుడు భాయిజాన్ ఇంకా లైన్లోనే ఉన్నారు. గొంతు కొంచెం కుదుటపడింది. "పంక్చర్ నువ్వే వేసినవంట. నీళ్లల్ల ముంచి చూసినవా, ఉత్తగనే అతికిచ్చినవా?" అని అడిగారు.

తిరుగు దారి గాలి వీపున పెట్టుకుని తొక్కాం. వెస్ట్‌పోర్ట్ ఎప్పుడొచ్చిందో తెలియలేదు. సైకిల్ అప్పజెప్పేటప్పుడు ప్యాచీ చూపించి ట్యూబ్ మార్చుకోమని చెప్పాను. షాపతను టైర్ నొక్కి చూసి, అక్కర్లేదన్నాడు.

మున్నా ఆగస్టులో దరఖాస్తు పెట్టాడు. భాయిజాన్ ఖుషీగా ఒప్పుకున్నారని రాస్తే అబద్ధం. ఒక షరతు పెట్టారు. రెండేళ్లకోసారి రెండు నెలలు వచ్చి ఇంట్లో ఉండాలి. తను వచ్చినట్టే. ఆఫీసులో ఒకేసారి రెండు నెలలు ఇవ్వరు, ఏడాదికి ఒక నెల వస్తానని వాడు బేరమాడాడు. లెక్క ఒకటే కదా అని భాబీ తీర్పు చెప్పింది. పాస్‌పోర్టు సరెండర్ చేసే ముందు ప్రతి పేజీ ఫోటో తీసి తనకు పంపాలని కూడా భాయిజాన్ అన్నారు. ఎందుకని నేను అడగలేదు.

ఇమామ్ జామిన్‌లోని రూపాయి బిళ్ల క్షేమంగా చేరాక ఖైరాత్ చేయాలి. డబ్లిన్‌లో మన రూపాయి ఎవరు తీసుకుంటారని జగిత్యాల తెచ్చి, దానికి ఇంకా కలిపి మసీదు బయట కూర్చునే ముసలాయనకు ఇచ్చాను.

మీ ఇళ్లల్లోనూ దూరంలో ఉన్న పిల్లలు ఉంటారు. వాళ్ల కోసం మా దువా. మా మున్నా కోసం మీరూ చేయండి.

ఖుదా హాఫిజ్.